మోటారు సైకిలు ముందు దీపము: వెలుగు పెంచుకొను విధము

మొన్నటి వఱకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022 మొదలు అనకాపల్లి జిల్లాలో చేరిన మన చోడవరము ప్రాంతమున మోటారు సైకిలు రైతునకు నాగలి వలెనే పనిముట్టయినది. రాత్రివేళ మోటారు వేసి చేనికి నీరు పెట్టబోవువారు, వేకువజామున అనకాపల్లి బెల్లపు మార్కెట్టునకు బయలుదేఱువారు, మాడుగుల ప్రక్క బంధువుల యిండ్లకు బోయి ప్రొద్దుపోయి మఱలువారు, అందఱును దీపము నమ్ముకొని నడచువారే. ఆ దీపము చాలలేదని సభ్యులు తఱచుగా చెప్పుకొనుచుండుటచే ఈ విషయము కొంత విపులముగ వ్రాయుచున్నాము.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున బోవు బండి సెకనుకు ఇంచుమించు 17 మీటర్లు సాగును. ఎదుట నేదో కలదని కన్ను గుర్తించి చేయి బ్రేకు నొక్కులోపలనే 25 మీటర్లు గడచిపోవును; పిమ్మట నిలుచుటకు మఱి 28 మీటర్లు కావలెను. అనగా 50 మీటర్లకు పైగా కనబడిననే గాని ఆ వేగము తగదు. వెనుక దీపము లేని చెఱకు బండిని, ట్రాక్టరు తొట్టిని తలచుకొనుడు. వాని వెనుకకు పొడుచుకొని వచ్చిన గడల కొనలు సరిగా నడుపువాని ముఖము నెత్తున నుండును. మసక దీపము వానిని చూపునప్పటికి కాలము మించిపోవును.

ఇట్టి భయముచే పలువురు చేయు మొదటి పని పెద్ద బల్బు తగిలించుట. 35 వాట్ల దానిని తీసి 90, 100 వాట్ల దానిని పెట్టించుకొందురు. ఇది ధనవ్యయమే గాని లాభము కొంచెము. దీపమునకు రెట్టింపు దూరమున నున్న వస్తువుపై బడు వెలుగు నాల్గవ వంతే యగును. కావున రెండింతల దూరము చూడగోరువానికి నాలుగింతల వెలుగు కావలెను. వెలుగు రెట్టింపయినను చూపు సాగునది ఒకటిన్నర రెట్లకు లోపే. ఇక 90 వాట్ల బల్బు ఏడున్నర ఆంపియర్ల విద్యుత్తు లాగును. చిన్న యింజనులోని కాయిలు అంత ఇయ్యజాలదు. హోల్డరు కరగును, డూములోని వెండి పూత నల్లబడును, తీగెలు కాలును. తీగెలు కాలిన వాసన పెట్రోలు ట్యాంకు క్రిందనుండి వచ్చుట ఎవరికిని శుభము గాదు.

బల్బు కొనుటకు ముందు, ఉన్న బల్బు ఇయ్యవలసిన వెలుగంతయు ఇచ్చుచున్నదా యని చూడవలెను. సాధారణముగ చిన్న బండ్లలో నుండు 35 వాట్ల హాలోజెన్ బల్బు 13.2 వోల్టుల యొద్ద పై వెలుగునకు 825 ల్యూమెనులు, డిమ్ వెలుగునకు 525 ల్యూమెనులు ఇయ్యవలెనని ప్రమాణము. పెద్ద బండ్లలోని 60/55 వాట్ల హెచ్-4 బల్బునకు ఇవి 1650, 1000. అయితే వోల్టులు పదింట ఒక వంతు తగ్గినచో వెలుగు పదింట ఒక వంతు గాక మూడు వంతులు తగ్గును. రైతులు దీనిని తప్పక గుర్తుంచుకొనవలెను. ఏలయన, మన బండ్లలో విద్యుత్తు సన్నని తీగె గుండ, చేతి స్విచ్చి గుండ, చిలుము పట్టిన కలయికల గుండ తిరిగి తిరిగి బల్బును చేరును. దారిలోనే ఒక వోల్టు పోవుట అరుదు గాదు.

పరీక్ష సులభము. యింజను నడుచుచుండగా దీపము వెలిగించి, మీటరుతో బ్యాటరీ యొద్ద ఒకసారి, బల్బు హోల్డరు యొద్ద ఒకసారి వోల్టులు చూపింపుమని మెకానిక్కును అడుగవలెను. తేడా అర వోల్టునకు మించినచో దోషము తీగెలలోనే కలదు. చట్రమునకు బిగించిన ఎర్తు తీగె కొనను గీకి శుభ్రపఱచి బిగించినంతనే కొన్ని బండ్లకు సగము జబ్బు కుదురును. అప్పటికిని కుదురనిచో బ్యాటరీనుండి ఫ్యూజు మీదుగా లావుపాటి తీగె తెచ్చి, రిలే యను చిన్న డబ్బీ ద్వారా బల్బునకు కలుపవచ్చును. అప్పుడు చేతి స్విచ్చి రిలేను మాత్రమే కదుపును. దీపపు విద్యుత్తు దానిగుండ పోదు. పని చిన్నది, ఫలము పెద్దది. డూము అద్దము లోపల దుమ్ము, తేమ చేరినను, వెండి పూత పసుపుబాఱినను, డూమునే మార్చుట మేలు. లోపలి పూతను గుడ్డతో తుడువరాదు, అది ఊడివచ్చును.

పై రిలే పని బ్యాటరీతో వెలుగు దీపములకే. పాత బండ్లు పెక్కింటిలో ముందు దీపము బ్యాటరీనుండి గాక నేరుగా యింజను కాయిలు నుండి వెలుగును. యాక్సిలరేటరు త్రిప్పగా ప్రకాశించి, వదలగా మసకబాఱినచో అది ఏ.సి. దీపమని తెలియునది. అట్టి బండికి డి.సి. కొఱకు చేసిన ఎల్.ఇ.డి. బల్బు తగిలించినచో రెపరెపలాడును, లేదా త్వరలో చెడును. అంగడివాడు ఈ సంగతి అడుగకయే బల్బు చేతబెట్టినచో కొనకుండుటయే మంచిది.

ఎల్.ఇ.డి. సంగతి కొంత వివరింపవలెను. నీలి ఎల్.ఇ.డి. కనుగొన్నందుకు అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురికి 2014లో భౌతికశాస్త్ర నోబెలు బహుమానము లభించినది. నేటి తెల్ల దీపములన్నియు దానిపై నాధారపడినవే. హాలోజెన్ 55 వాట్లతో నిచ్చు వెలుగును మంచి ఎల్.ఇ.డి. పది పండ్రెండు వాట్లతో ఇయ్యగలదు. బ్యాటరీకిని కాయిలునకును అంత భారము తగ్గును. కాని డూము పని వేఱు. అందలి వంపు సన్నని ఫిలమెంటు ఒక నిర్ణీత స్థానమున నుండునని యెంచి చేసినది. ఎల్.ఇ.డి. చుక్కలు ఆ చోటనే లేకున్నచో వెలుగు రోడ్డుపై బడక నలుప్రక్కల చెదరి, ఎదుటివాని కన్నులలో బడును. నడుపువానికి ముంగిలి తెల్లగా కనబడుటచే దీపము బాగున్నదని తోచును. దూరము మాత్రము చీకటియే. కాబట్టి బల్బు ఒక్కటియే మార్చుటకంటె, మీ బండి కొఱకు తయారుచేసిన పూర్తి ఎల్.ఇ.డి. దీపము దొరకినచో దానిని గైకొనుట యుక్తము. నీలిఛాయ లేని తెలుపు కంటికి హితము.

మిఱుమిట్ల విషయమై చట్టము కూడ కలదు. దీపమునకు 8 మీటర్ల యెదుట, నేలకు మీటరున్నర ఎత్తున కన్ను గలవానికి మిఱుమిట్లు గొలుపకుండ వెలుగు క్రిందికి వంగియుండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెప్పుచున్నవి. 2017 ఏప్రిల్ 1 నుండి క్రొత్త ద్విచక్ర వాహనములకు దీపము ఆర్పు స్విచ్చియే లేదు. యింజనుతో పాటు అదియు వెలుగుచుండును. కనుక వంపు సరిలేని దీపము రాత్రి యంతయు ఊరివారిని బాధించును.

సరిచేయుటకు సమతలమున గోడకు 5 మీటర్ల దూరమున బండి నిలిపి, మనిషి కూర్చుండి, చక్రములలో గాలి సరిచూచుకొని, డిమ్ వెలుగు పై అంచు దీపము నడిమి ఎత్తుకంటె రెండు మూడు అంగుళములు క్రిందుగా పడునట్లు మరను త్రిప్పవలెను. వెనుక 45 కిలోల యూరియా బస్తా వేసినప్పుడు బండి వెనుక క్రుంగి, దీపము పైకి లేచును. నిత్యము బరువుతో తిరుగువారు బరువు వేసియే సరిచూచుకొనవలెను. మన వారిలో దీనిని పాటించువారు మిక్కిలి తక్కువ.

చెఱకు, ఎరువు తోలు బండ్లవారికి ఒక మాట. మీ వెనుక వచ్చువాని దీపము ఎంత మంచిదైనను, నల్లని పలకపై బడి తిరిగి రాని వెలుగు వానికి ఉపయోగింపదు. ఎఱ్ఱని రేడియం స్టిక్కరు బండి వెనుక రెండు మూలల, గడల మఱుగున పడని యెత్తున అంటింపవలెను. బురదపడిన దినమున తడిగుడ్డతో తుడువవలెను. గడలు బండి దాటి వచ్చినచో చివరి మోపుకు ఒక స్టిక్కరు అతికిన రేకు వ్రేలాడగట్టవచ్చును.