అర్ధాయువు: రోజూ వేసుకునే మందు శరీరంలో పేరుకునే లెక్క

శరీరంలో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే కాలమే దాని అర్ధాయువు. మొదటి మాత్ర పూర్తిగా పోకముందే రెండోది వేసుకుంటే, పాత మిగులుపై కొత్త మోతాదు చేరుతుంది. ఈ పేరుకోవడం ఎంతవరకు సాగుతుంది?

గుండె జబ్బులలో వాడే డిజాక్సిన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. మూత్రపిండాలు సక్రమంగా పనిచేసేవారిలో దీని అర్ధాయువు సుమారు 36 నుంచి 48 గంటలు. లెక్క కోసం 48 గంటలు అనుకుందాం. రోజుకు 0.25 మి.గ్రా. ఇస్తున్నారనీ, అదంతా వెంటనే రక్తంలో కలుస్తుందనీ భావిద్దాం.

24 గంటలు అర్ధాయువులో సగం. అందుచేత పావు వంతు పోయి ముప్పావు వంతు మిగులుతుందనుకోకండి. మందు తగ్గేది ఉన్న మొత్తానికి అనుపాతంలో. కాబట్టి మిగిలే భాగం √½, అంటే 0.707.

మొదటి మాత్ర తర్వాత: 0.25 మి.గ్రా.
రెండో మాత్ర తర్వాత: 0.25 × 0.707 + 0.25 = 0.427 మి.గ్రా.
మూడో మాత్ర తర్వాత: 0.427 × 0.707 + 0.25 = 0.552 మి.గ్రా.

మొత్తం పెరిగేకొద్దీ రోజూ బయటికి పోయేదీ పెరుగుతుంది. పోయేది, వచ్చేది సమానమైనప్పుడు పెరుగుదల ఆగుతుంది. దీనినే స్థిరస్థితి అంటారు. గుణశ్రేఢి మొత్తం ప్రకారం:

గరిష్ఠ మొత్తం = మోతాదు ÷ (1 − మిగిలే భాగం) = 0.25 ÷ 0.293 = 0.85 మి.గ్రా.

నాలుగు అర్ధాయువులలో ఇందులో 94 శాతం, ఐదింటిలో 97 శాతం చేరుకుంటాం. ఇక్కడ అది 8 నుంచి 10 రోజులు.

ఇప్పుడు మూత్రపిండాలు బాగా దెబ్బతిన్న రోగిని తీసుకోండి. డిజాక్సిన్ ప్రధానంగా మూత్రం ద్వారానే పోతుంది కనుక అర్ధాయువు దాదాపు 4 రోజులకు పెరగవచ్చు. అప్పుడు రోజుకు మిగిలే భాగం 0.841. అదే మోతాదు కొనసాగిస్తే గరిష్ఠ మొత్తం 0.25 ÷ 0.159 = 1.57 మి.గ్రా.; ఇంచుమించు రెట్టింపు. స్థిరస్థితికి 16 నుంచి 20 రోజులు పడుతుంది. అంటే మొదటి వారం రోగి బాగానే కనిపించవచ్చు. వాంతులు, చూపు పసుపుబారడం, గుండె లయ తప్పడం తర్వాత మొదలుకావచ్చు. డిజాక్సిన్‌లో మేలు చేసే స్థాయికీ, హాని చేసే స్థాయికీ దూరం చాలా తక్కువ. మొదటి వారం ఏమీ కాలేదన్నది క్షేమానికి రుజువు కాదు. వైద్యులు మూత్రపిండాల పరీక్ష చూసి మోతాదు తగ్గించడానికి కారణం ఇదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఈ రోగిలో గరిష్ఠ మొత్తం 0.85 మి.గ్రా. మించకూడదంటే రోజువారీ మోతాదు ఎంత ఉండాలి?
జవాబు: 0.85 × 0.159 = సుమారు 0.135 మి.గ్రా.