పాత క్వాడ్ బైకుల ప్లాస్టిక్ మడ్‌గార్డుల పునరుద్ధరణ: రంగు వెలియడానికి కారణాలు, ఆచరణ పద్ధతులు, పరిమితులు

సారాంశం

పొలాల్లోనూ కొండదారుల్లోనూ తిరిగే పాత క్వాడ్ బైకుల ప్లాస్టిక్ మడ్‌గార్డులు కాలక్రమంలో రంగు వెలిసి, గీతలు పడి, పెళుసుబారుతాయి. వీటిలో మొదటి రెండు లోపాలను తక్కువ ఖర్చుతో సరిచేయవచ్చు. మూడవది సరికాదు. ఈ తేడా గుర్తించకుండా చేసే మరమ్మతు లోపాన్ని కప్పిపుచ్చుతుందే తప్ప తొలగించదు. మడ్‌గార్డు ప్లాస్టిక్ స్వభావం, ఎండవల్ల అందులో కలిగే మార్పులు, పునరుద్ధరణ దశలు, తీసుకోవలసిన జాగ్రత్తలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

ఉపోద్ఘాతం

హోండా సంస్థ 1970లో యుఎస్ 90 అనే మూడు చక్రాల వాహనాన్ని అమెరికాలో ప్రవేశపెట్టింది. వినోదం కోసం రూపొందిన ఈ తరహా వాహనాలు క్రమంగా పశుక్షేత్రాలకు, పొలం పనులకు చేరాయి. 1980వ దశకం తొలి సంవత్సరాల్లో సుజుకి సంస్థ క్వాడ్‌రన్నర్‌తో నాలుగు చక్రాల రకాన్ని వ్యాప్తిలోకి తెచ్చింది. అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రైతులకు క్వాడ్ బైకు నేడు మందల వెంట తిరిగే వాహనం, మేత మోసే బండి, కలుపు మందు చల్లే సాధనం కూడా.

ఆనాటి బండ్లలో ఇంజను బాగుచేస్తే ఇంకా పనిచేసేవి అనేకం ఉన్నాయి. కానీ చాలా పాత నమూనాలకు అసలు మడ్‌గార్డులు తయారు కావడం లేదు. అందుచేత ఉన్నదానిని నిలబెట్టుకోవడం తప్పనిసరి అవుతున్నది. మడ్‌గార్డు అలంకారం కోసం ఉన్నది కాదు. అది బురదను, రాళ్లను ఆపుతుంది. నడిపేవాని కాలు చక్రానికి తగలకుండా అడ్డుగా నిలుస్తుంది. కనుక దాని రూపం కన్నా దాని బలం ముఖ్యం.

ప్లాస్టిక్ రకాన్ని గుర్తించడం

క్వాడ్ బైకు మడ్‌గార్డులు అధికంగా పాలిఎథిలిన్‌తో, కొన్ని పాలిప్రొపిలిన్‌తో తయారవుతాయి. రంగు పైపూత కాదు; పదార్థం మొత్తంలో కలిసి ఉంటుంది. పునరుద్ధరణ సాధ్యం కావడానికి ఇదే మూలకారణం.

మడ్‌గార్డు అడుగుభాగంలో ప్లాస్టిక్ రకాన్ని తెలిపే అక్షరాలు అచ్చువేసి ఉంటే వాటినే ఆధారంగా తీసుకోవాలి. అవి లేనప్పుడు అడుగు అంచునుంచి చిన్న పెచ్చు గీసి, సబ్బు కలిపిన నీటిలో వేసి చూడాలి. అధిక సాంద్రత పాలిఎథిలిన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.94 నుండి 0.97 గ్రాములు, పాలిప్రొపిలిన్ సాంద్రత సుమారు 0.90 గ్రాములు. కనుక రెండూ తేలుతాయి. ఎబిఎస్ ప్లాస్టిక్, గాజునార మిశ్రమం మునుగుతాయి. తేలిన వాటిలో మైనంలా జారుడుగా ఉండి, గోటితో నొక్కితే గాటు పడేది పాలిఎథిలిన్. అంతకంటే గట్టిగా ఉండేది పాలిప్రొపిలిన్. మొదటిది సుమారు 130 డిగ్రీల సెల్సియస్ వద్ద, రెండవది సుమారు 160 డిగ్రీల వద్ద కరుగుతుంది. వేడితో చేసే ప్రతి పనిలోనూ ఈ తేడా గుర్తుంచుకోవాలి.

రంగు ఎందుకు వెలుస్తుంది?

భూమిని చేరే సూర్యకాంతిలో 290 నుండి 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. శుద్ధ పాలిఎథిలిన్ వీటిని అంతగా గ్రహించదు. కానీ తయారీలో మిగిలిన ఉత్ప్రేరక శేషాలు, అచ్చుపోసేటప్పుడు వేడికి ఏర్పడిన కార్బొనిల్ సమూహాలు వీటిని గ్రహించి స్వేచ్ఛా ప్రాతిపదికలను పుట్టిస్తాయి. వాటితో గాలిలోని ఆక్సిజన్ కలిసి హైడ్రోపెరాక్సైడ్‌లు ఏర్పడతాయి. ఇవి విడిపోతూ పొడవైన అణు గొలుసులను ముక్కలు చేస్తాయి. పాలిప్రొపిలిన్ నిర్మాణంలో సులభంగా విడిపోయే హైడ్రోజన్ పరమాణువులు ఉన్నందున, రక్షక రసాయనాలు లేనప్పుడు అది మరింత త్వరగా దెబ్బతింటుంది.

గొలుసులు పొట్టివైన కొద్దీ ఉపరితలం కుంచించుకుని, ఎండిన నల్లరేగడి నెర్రెలు విచ్చినట్లు సూక్ష్మమైన పగుళ్లు ఏర్పడతాయి. వాటిపై పడిన కాంతి చెదిరి, ఎర్రని మడ్‌గార్డు పాలిపోయిన గులాబీ రంగులో కనిపిస్తుంది. అంటే వెలిసినట్లు కనిపించేదంతా రంగు నశించడం కాదు; అందులో కొంత భాగం ఉపరితలం చిట్లడమే. ఆక్సిజన్ లోపలికి చొచ్చుకుపోయే వేగం పరిమితం కనుక ఈ క్షీణత మొదట పైపొరలోనే కేంద్రీకృతమై ఉంటుంది. ఆ పొర తీసివేస్తే కింద అసలు రంగు బయటపడుతుంది.

బిందుసేద్యపు లేటరల్ గొట్టాలు నల్లగా ఉండటానికి కారణం కూడా ఈ రసాయన చర్యే. వాటిలో సాధారణంగా 2 నుండి 2.5 శాతం వరకు కలిపే కార్బన్ బ్లాక్ అతినీలలోహిత కిరణాలను తానే గ్రహించి ప్లాస్టిక్‌ను కాపాడుతుంది. ఎరుపు, పసుపు మడ్‌గార్డులకు ఆ రక్షణ ఉండదు. అవి ఇతర స్థిరీకరణ రసాయనాలపై ఆధారపడతాయి. ఆ రసాయనాలు కాలక్రమంలో ఖర్చవుతాయి.

మడ్‌గార్డు వంగిన చోట కనిపించే తెల్లని మచ్చలు వేరే కోవకు చెందినవి. అక్కడ సాగుదలవల్ల పదార్థంలో అతిసూక్ష్మమైన ఖాళీలు ఏర్పడి కాంతిని చెదరగొడతాయి. మితమైన వేడి తగిలితే ఇవి చాలావరకు మూసుకుంటాయి.

పనికి ముందు పరీక్ష

పునరుద్ధరణకు తగినదా కాదా అన్నది మూడు పరీక్షలతో తేల్చవచ్చు. మొదటిది, అరచేతితో రుద్దినప్పుడు పొడి అంటుకుంటే పైపొర క్షీణించినట్లు భావించాలి. రెండవది, కనిపించని మూలలో ఉప్పుకాగితంతో కొద్దిగా రుద్దినప్పుడు అసలు రంగు త్వరగా బయటపడితే లోపలి పదార్థం బాగున్నట్లే. మూడవది, అంచును నెమ్మదిగా వంచినప్పుడు విరగకుండా తిరిగి యథాస్థితికి రావాలి. చిటపట శబ్దం వచ్చినా, వలలాంటి పగుళ్లు విచ్చుకున్నా ఆ భాగం పెళుసుబారినట్లే. తెగిన అణు గొలుసులను నూనె గానీ, వేడి గానీ, పాలిష్ గానీ తిరిగి అతికించలేవు. అటువంటి మడ్‌గార్డును మార్చవలసిందే.

పునరుద్ధరణ దశలు

1. విప్పడం: మడ్‌గార్డును బండినుంచి తప్పక విడదీయాలి. పెట్రోలు ట్యాంకు, ఇంధన గొట్టాల సమీపంలో వేడిగాలి వాడటం ప్రమాదకరం.

2. కడగడం: సబ్బు నీటితో మట్టి, గ్రీజు పూర్తిగా పోయేవరకు కడిగి ఆరబెట్టాలి. మిగిలిన ఇసుక రేణువులు తరువాతి దశలో కొత్త గీతలు వేస్తాయి.

3. గీయడం: లోతైన గీత అంచులు పైకి లేచి ఉంటాయి. పదునైన బ్లేడును నిలువుగా పట్టుకుని, ఒకే దిశలో తేలికగా లాగుతూ ఆ అంచులను చదును చేయాలి. గీత అడుగువరకు మొత్తం ఉపరితలాన్ని అరగదీయడం తగదు. అందువల్ల మందం తగ్గి బలం పోతుంది.

4. రుద్దడం: 220 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 400, 600, 1000 నంబర్లకు వెళ్లాలి. నీటితో తడుపుతూ రుద్దితే కాగితం పూడుకుపోదు, ధూళి లేవదు. ఒక్కొక్క నంబరుకు రుద్దే దిశ మార్చి, వెనుకటి గీతలు పూర్తిగా పోయిన తరువాతనే ముందుకు సాగాలి. ఈ దశలో తొందరపడితే ఆ లోపం మెరుపు వచ్చాక స్పష్టంగా బయటపడుతుంది.

5. వేడి చేయడం: పాలిఎథిలిన్ మెత్తని పదార్థం కనుక కేవలం పాలిష్‌తో పూర్తి మెరుపు రాదు. హీట్ గన్‌ను ఒకచోట నిలపకుండా కదుపుతూ, ఉపరితలం మెరవడం మొదలుకాగానే పక్కకు జరపాలి. ముందుగా అడుగుభాగంలో ప్రయత్నించి చూడాలి. వేడెక్కిన భాగం చల్లారేవరకు దాని ఆకారానికి తగిన ఆధారంపై ఉంచకపోతే వంకర తిరుగుతుంది.

రుద్దకుండా వేడి మాత్రమే చేస్తే కొద్ది నిమిషాల్లో ఆకర్షణీయమైన రంగు వస్తుంది. అయితే క్షీణించిన పొర అక్కడే ఉంటుంది కనుక ఆ మెరుపు ఎక్కువకాలం నిలవదు.

నూనెలు, రంగులు

సిలికాన్ ద్రవాలు సూక్ష్మ పగుళ్లను నింపి తాత్కాలికంగా నిగారింపు ఇస్తాయి. తరువాత రంగు వేయదలచినా అది పట్టదు. మరిగించిన అవిసె నూనె కొంత ఎక్కువకాలం నిలుస్తుంది. కానీ అది ఆరేటప్పుడు ఆక్సిజన్‌తో కలిసి వేడిని విడుదల చేస్తుంది. నూనె గుడ్డలను ఉండచుట్టి కుప్పగా పడేస్తే వాటంతట అవే అంటుకోగలవు. వాటిని విడివిడిగా పరచి ఆరబెట్టాలి లేదా నీటిలో నానబెట్టాలి.

పాలిఎథిలిన్, పాలిప్రొపిలిన్‌ల ఉపరితల శక్తి తక్కువ. తామరాకుపై నీటిబొట్టు నిలిచినట్లు రంగు వాటిపై పరచుకోక విడిగా నిలుస్తుంది. వీటికోసం ప్రత్యేకించిన ప్రైమరు లేకుండా వేసిన రంగు పెచ్చులుగా ఊడిపోతుంది. ప్రైమరు వేసినా, తరచు వంగే మడ్‌గార్డుపై రంగు దీర్ఘకాలం నిలవడం కష్టం.

పగుళ్ల మరమ్మతు

బలంగా ఉన్న ప్లాస్టిక్‌లో దెబ్బవల్ల ఏర్పడిన ఒంటరి పగులును అతకవచ్చు. పగులు చివర సుమారు 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే అది ముందుకు సాగదు. పగులు వెంట గాడి తీసి, అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో వేడిగాలి వెల్డింగు చేయాలి. పాలిఎథిలిన్‌కు పాలిప్రొపిలిన్ కడ్డీ అతకదు. సాధారణ జిగురులు కూడా ఈ ప్లాస్టిక్‌లపై నిలవవు.

పురుగుమందు, కలుపు మందు శేషాలు

మందు చల్లడానికి వాడిన బండి మడ్‌గార్డుపై రసాయన శేషాలు ఉంటాయి. వాటిని కడగకుండా రుద్దితే ధూళిగా, వేడిచేస్తే ఆవిరిగా ఊపిరితిత్తులను చేరతాయి. చేతి తొడుగులు, ముఖానికి తగిన మాస్కు ధరించాలి. కడిగిన నీటిని బావి, కాలువ, చెరువుల దరికి పోనీయరాదు. రుద్దిన నీటిలోని ప్లాస్టిక్ రేణువులను గుడ్డతో వడకట్టి వేరుచేయాలి.

తెలుగు రాష్ట్రాల్లో క్వాడ్ బైకులు అరుదైనా, ఇదే కోవకు చెందిన ప్లాస్టిక్ వీపున మోసే స్ప్రేయర్ ట్యాంకు రూపంలో రైతులకు సుపరిచితం. ఏళ్ల తరబడి ఎండలో ఉంచిన ట్యాంకుకు ఈ వ్యాసంలోని పరీక్షలు వర్తిస్తాయి గానీ మరమ్మతు వర్తించదు. రుద్దితే గోడ పలుచబడుతుంది. వేడిచేస్తే మూత, అతుకుల అమరిక చెడుతుంది. మడ్‌గార్డు పగిలితే బురద చిమ్ముతుంది. ట్యాంకు పగిలితే మందు వీపుపై కారుతుంది. పొడి రాలుతున్న, నెర్రెలు విచ్చిన ట్యాంకును పక్కన పెట్టమని చెప్పడమే విస్తరణ సిబ్బంది చేయవలసిన పని.

ముగింపు

వెలిసిన మడ్‌గార్డులో క్షీణించిన పైపొరను తొలగించి, మితమైన వేడితో ఉపరితలాన్ని నునుపు చేయడమే సరైన పునరుద్ధరణ. అలా వెలికివచ్చిన కొత్త ఉపరితలంలో రక్షక రసాయనాలు మొదటినాటి స్థాయిలో ఉండవు కనుక అది మునుపటికన్నా త్వరగా వెలియవచ్చు. బండిని నీడలో నిలపడం, లేదా కాంతి చొరని గుడ్డతో కప్పి ఉంచడం ఖర్చులేని నివారణ. పరీక్షలో విఫలమైన భాగాన్ని మెరిపించి వాడుకలోకి పంపడంకన్నా, మెరుపు లేని బలమైన భాగాన్ని ఉన్నదున్నట్లు వాడుకోవడమే శ్రేయస్కరం.