ఒకే లెక్క మీద వెయ్యి చేతులు

పూర్తిగా జరగాలి, లేదంటే అసలే జరగకూడదు అన్న షరతుతో కట్టిన పనుల మూటను డేటాబేస్ భాషలో ట్రాన్సాక్షన్ అంటారు. ఒక ఖాతాలోంచి 5,000 రూపాయలు తీసి ఇంకో ఖాతాలో వేయడం మనిషి లెక్కలో ఒక్క పని. కంప్యూటర్ లెక్కలో కనీసం రెండు: ఇక్కడ తగ్గించాలి, అక్కడ పెంచాలి. ఈ రెంటికీ మధ్య కరెంటు పోయిందంటే డబ్బు ఇక్కడా ఉండదు, అక్కడా చేరదు. అందుకే డేటాబేస్ ఆ రెంటినీ ఒకే మూటగా చూస్తుంది. మూట మొత్తం చేరితేనే చేరినట్టు. దారిలో ఏం జరిగినా బయల్దేరనే లేదన్నట్టు. చేరిందని ఖాయం చేయడం కమిట్, బయల్దేరనట్టు చేసేయడం రోల్‌బ్యాక్.

ఈ ఆలోచనకు శాస్త్రరూపం ఇచ్చినవారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు జిమ్ గ్రే. 1970లలో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఐబీఎం పరిశోధకులు సిస్టమ్ ఆర్ అనే ప్రయోగాత్మక డేటాబేస్‌ను కట్టారు. గ్రే వారిలో ఒకరు. ట్రాన్సాక్షన్ భావనకు మూలం ఒప్పందాల చట్టంలో ఉందని 1981లో రాసిన పత్రంలో ఆయనే చెప్పారు. బేరం ఎంతసేపైనా సాగవచ్చు, సంతకం పడ్డాక మాత్రం వెనక్కి పోవడం ఉండదు. ఆ కృషికే 1998లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు దక్కింది. 2007 జనవరిలో ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో తీరం నుంచి తెరచాప పడవలో ఒంటరిగా సముద్రంలోకి వెళ్లి తిరిగి రాలేదు. ఉపగ్రహ చిత్రాలను వేలమంది జల్లెడ పట్టినా ఆచూకీ దొరకలేదు.

ట్రాన్సాక్షన్‌కు ఉండాల్సిన నాలుగు లక్షణాల ఇంగ్లిష్ పేర్లలో తొలి అక్షరాలు కలిపి 'యాసిడ్' అన్న ముద్దుపేరు పెట్టినవారు థియో హార్డర్, ఆండ్రియాస్ రాయిటర్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు. అది 1983 నాటి మాట. మూట చీలకపోవడం అటామిసిటీ. నియమాలు చెడకపోవడం కన్సిస్టెన్సీ. దీని భారం చాలావరకు ప్రోగ్రామ్ రాసేవారిదే. ఒకరి పని ఇంకొకరికి అడ్డం రాకపోవడం ఐసోలేషన్. ఒకసారి ఖాయమైంది చెరిగిపోకపోవడం డ్యూరబిలిటీ.

చివరిదాన్ని మన షావుకార్లు ఎప్పుడో సాధించారు. కొట్లో జరిగిన ప్రతి బేరమూ ముందు చిట్టాలో పడుతుంది. తీరిక దొరికాక అక్కడి నుంచి ఆవర్జాలో ఎవరి ఖాతాలోకి వారిది ఎక్కుతుంది. ఆవర్జా రాస్తుండగా దీపం ఆరిపోయినా బాధ లేదు, చిట్టా చూసి మళ్లీ రాసుకోవచ్చు. డేటాబేస్ చేసేదీ అదే. మార్పును అసలు పట్టికలో ఎక్కించే ముందే లాగ్ అనే చిట్టాలో వరుసగా రాసి డిస్కు మీద భద్రం చేస్తుంది. మెషీన్ పడిపోయి లేచినప్పుడు చిట్టా చదివి, కమిట్ అయినవాటిని నిలబెట్టి, సగంలో ఆగినవాటిని చెరిపేస్తుంది. ఈ కోలుకునే విధానానికి పాఠ్యగ్రంథంలా నిలిచిన ఏరీస్ అనే పద్ధతిని 1992లో ప్రకటించిన ఐబీఎం బృందానికి ముందు నిలిచిన వ్యక్తి ఐఐటీ మద్రాసులో చదివిన సి. మోహన్.

మూట చీలకపోవడం, రాసింది చెరగకపోవడం అన్న రెండు విషయాల్లో పేరున్న డేటాబేస్‌లు మాట మీద నిలబడతాయి. ఐసోలేషన్ దగ్గరికి వచ్చేసరికే బేరాలు మొదలవుతాయి. కరోనా రోజుల్లో ఇంటింటా వినిపించిన మాటే ఇది, అర్థమూ అదే: పక్కవారి సెగ తగలకుండా ఉండటం. అది ఎంత కచ్చితంగా ఉండాలన్నదే పేచీ.

సెగ తగిలితే ఏమవుతుందో ఒక ఖాతాతో చూడవచ్చు. నిల్వ 10,000 రూపాయలు. భర్త ఏటీఎంలో 4,000 తీస్తున్నాడు. అదే క్షణంలో భార్య దుకాణంలో 3,000 చెల్లిస్తోంది. రెండు ప్రోగ్రాములూ నిల్వ చదివాయి, రెంటికీ 10,000 కనిపించింది. మొదటిది లెక్క వేసుకుని 6,000 అని రాసింది. రెండోది తన లెక్క ప్రకారం 7,000 అని దాని మీదే రాసేసింది. ఖర్చయింది 7,000, నిల్వ ఉండాల్సింది 3,000, ఉన్నది 7,000. తప్పు ఎవరిదీ కాదు, ఎవరి కూడికలు తీసివేతలు వారికి సరిగ్గానే వచ్చాయి. ఒకరి రాత ఇంకొకరి రాత కింద పడి మాయమైంది. దీన్ని లాస్ట్ అప్‌డేట్ అంటారు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఇంకా కమిట్ కాని అంకెను పక్కవారు చదివేసి, తర్వాత ఆ అంకె రోల్‌బ్యాక్ అయిపోతే అది డర్టీ రీడ్. ఎంగిలి చదువు అనుకోవచ్చు. ఒకే ట్రాన్సాక్షన్‌లో ఒకే అంకెను రెండుసార్లు చదివితే రెండు రకాలుగా కనిపించడం మరో తంటా. వీటికంటే గడుసుది ఫాంటమ్, అంటే దయ్యం. ముహూర్తాల రోజుల్లో ఒక ఫంక్షన్ హాలుకు రెండు కౌంటర్లలో బుకింగ్ జరుగుతోందనుకుంటే, ఇద్దరు గుమాస్తాలూ ఒకేసారి ఆ ఆదివారానికి బుకింగ్ ఉందా అని చూస్తారు. లేదు. ఇద్దరూ చెరో పెళ్లి రాసేస్తారు. ఇక్కడ ఇంకొకరు ముట్టకుండా తాళం వేయడానికి పట్టికలో వరుస కూడా లేదు. లేని వరుస గురించే తగాదా.

ఆదర్శం ఏమిటన్నదాంట్లో తేడా లేదు. ఎన్ని ట్రాన్సాక్షన్లు కలగాపులగంగా నడిచినా, చివరి ఫలితం అవి ఏదో ఒక వరుసలో ఒకదాని తర్వాత ఒకటి నడిచినట్టే ఉండాలి. ఈ గుణాన్ని సీరియలైజబిలిటీ అంటారు. నిజంగానే ఒకదాని తర్వాత ఒకటి నడిపేస్తే సరిపోతుంది కానీ, ఒకరు డిస్కు కోసం ఎదురుచూస్తుంటే వెనక లక్షమంది నిలబడాలి. డేటా అంతా మెమరీలోనే పెట్టుకునే రెడిస్ లాంటివాటికి ఆ దారి చెల్లింది. మిగతావారికి తాళాలు కావలసి వచ్చాయి.

1976లో కపాలి ఈశ్వరన్, గ్రే, లోరీ, ట్రెయిగర్ కలిసి ప్రచురించిన పత్రం తాళాల శాస్త్రానికి పునాది. చదివేవారికి పంచుకునే తాళం, రాసేవారికి సొంత తాళం. ఒక్క తాళం విడిచిన తర్వాత కొత్త తాళం పట్టకూడదన్న నియమం పాటిస్తే చాలు, సీరియలైజబిలిటీ దానంతట అదే వస్తుందని వారు నిరూపించారు. ఇదే టూ ఫేజ్ లాకింగ్. లేని వరుసల గొడవకూ అందులోనే విరుగుడు ఉంది: వరుసకు కాకుండా, 'ఆ ఆదివారం బుకింగులు' అన్న షరతుకే తాళం వేయాలి. సిద్ధాంతానికి అందంగా ఉన్న ఈ మాట ఆచరణలో బరువు కావడంతో, డేటాబేస్‌లు దాని బదులు ఇండెక్స్‌లోని ఖాళీలకు తాళం వేసే ఉపాయం పట్టాయి.

తాళాలకు రెండు జబ్బులు. మొదటిది, ఇరుకు వంతెన మీద ఎదురుపడ్డ రెండు లారీల్లా, ఒకరి తాళం కోసం ఒకరు ఆగిపోవడం. దీని పేరు డెడ్‌లాక్. ఎవరు ఎవరికోసం ఆగారో డేటాబేస్ గీతలు గీసి చూసుకుంటుంది. గీతలు చక్రం తిరిగితే అందులో ఒకరిని రోల్‌బ్యాక్ చేసి దారి తెరుస్తుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మామూలుగా ఒక సెకను ఓపిక పట్టాకే ఈ వెతుకులాట మొదలుపెడుతుంది. రెండో జబ్బు మొండిది: నెలాఖరు రిపోర్టు కోసం పట్టిక మొత్తం చదివేవారు ఉంటే, రాయాల్సినవారంతా బయట నిలబడాలి.

ఆ జబ్బుకు మందుగా వచ్చిందే పాత ప్రతులను దాచే పద్ధతి. 1978లో ఎంఐటీలో డేవిడ్ రీడ్ సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో దీని బీజం ఉంది. అంకె మారినప్పుడు పాతదాన్ని చెరపకుండా, పక్కన కొత్త ప్రతి రాస్తారు. ప్రతి ట్రాన్సాక్షన్‌కూ అది మొదలైన క్షణంలో ఉన్న లోకం ఫొటోలా కనిపిస్తుంది. చదివేవారు రాసేవారికి అడ్డు కారు, రాసేవారు చదివేవారికి అడ్డు కారు. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అన్నీ ఈ దారిలోనివే. ఊరికే రాలేదు ఈ సుఖం: పాత ప్రతులు పేరుకుంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో వాటిని ఊడ్చే పనికి వాక్యూమ్ అనే పేరే ఉంది. ఒరాకిల్‌లో పాత ప్రతిని తుడిచేశాక ఎవరైనా దాన్ని అడిగితే, ఫొటో మరీ పాతదైందని సిస్టమ్ చెప్పే మాట ఆ రంగంలో ఉన్నవారికి పీడకల.

ఫొటో పద్ధతితో సమస్య తీరిందని చాలామంది నమ్మారు. డేటాబేస్‌లతో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్. దాని 1992 ప్రమాణం ఐసోలేషన్‌ను నాలుగు మెట్లుగా విడగొట్టింది: రీడ్ అన్‌కమిటెడ్, రీడ్ కమిటెడ్, రిపీటబుల్ రీడ్, సీరియలైజబుల్. ఎంగిలి చదువు, మారే చదువు, దయ్యం అనే మూడు దోషాల్లో దేన్ని ఆపుతారన్నదే కొలత. ప్రమాణం ఇచ్చిన నిర్వచనాల ప్రకారం చూస్తే ఫొటో పద్ధతి మూడింటినీ ఆపినట్టే. అయితే అదే పై మెట్టు అన్నమాట! కాదని 1995లో గ్రే, ఫిల్ బెర్న్‌స్టీన్ తదితరులు ఒక విమర్శా పత్రంలో తేల్చారు. ఆ మూడు దోషాలూ లేకుండానే లెక్క తప్పవచ్చని చూపి, ఆ కొత్త దోషానికి రైట్ స్క్యూ అని పేరు పెట్టారు.

దాన్ని ఇలా ఊహించుకోవచ్చు. ఒక సహకార సంఘంలో ఖజానా గది తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉన్నాయి. ఇద్దరిలో ఒకరైనా ఊళ్లో ఉండాలన్నది నియమం. ఇద్దరూ ఒకే నిమిషంలో ఫోన్లో సెలవు పెట్టారు. మొదటి ట్రాన్సాక్షన్ తన ఫొటోలో రెండో మనిషి డ్యూటీలో ఉన్నట్టు చూసి, మొదటి మనిషి వరుసలో సెలవు రాసింది. రెండోది తన ఫొటోలో మొదటి మనిషి ఉన్నట్టు చూసి, రెండో మనిషి వరుసలో రాసింది. ఇద్దరూ ఒకే వరుసను ముట్టుకోలేదు కాబట్టి గొడవ రాలేదు. ఎవరూ ఎంగిలి చదవలేదు, ఎవరి రాతా మాయం కాలేదు. మర్నాడు మాత్రం ఖజానా తెరిచే దిక్కు లేదు. వరుసలో ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఉంటే రెండో మనిషికి సెలవు దొరికేది కాదు.

దీనికి చవకైన విరుగుడు కోసం మరో పదమూడేళ్లు పట్టింది. 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో మైకేల్ కేహిల్, ఊవే రోమ్, అలన్ ఫెకెటే ఒక ఉపాయం ప్రకటించారు. ఫొటోలతోనే నడవనివ్వాలి, ఒకరు చదివినదాన్ని ఇంకొకరు మార్చిన సందర్భాలను గుర్తుపెట్టుకుని, ప్రమాదకరమైన ఆకారం కనిపించగానే ఒకరిని ఆపేయాలి. పోస్ట్‌గ్రెస్ 2011లో తన 9.1 వెర్షన్‌లో దీన్ని చేర్చింది. అంతకుముందు అందులో సీరియలైజబుల్ అని అడిగినవారికి దొరికింది వట్టి ఫొటో పద్ధతే. ఒరాకిల్‌లో ఆ పేరు మీద ఇప్పటికీ దొరికేది అదే.

ఈ రంగంలో నిజంగా తప్పుపట్టాల్సింది ఇక్కడే. పేరు ఒకటి, సరుకు ఇంకొకటి. రిపీటబుల్ రీడ్ అంటే పోస్ట్‌గ్రెస్‌లో లాస్ట్ అప్‌డేట్‌ను పట్టుకుని ఆపే మెట్టు. అదే పేరుతో మైఎస్‌క్యూఎల్‌లో దొరికేది దాన్ని ఆపదు. పైగా ఎవరూ ఏమీ అడగకపోతే ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ మూడూ ఇచ్చేది కింది నుంచి రెండో మెట్టు రీడ్ కమిటెడ్. వేగం కోసమే ఈ ఏర్పాటు. ఆ సంగతి తెలియకుండానే ప్రోగ్రాములు రాసేవారు కొల్లలు.

ఫలితాలు లేకపోలేదు. 2014 మార్చిలో ఫ్లెక్స్‌కాయిన్ అనే బిట్‌కాయిన్ సంస్థ 896 బిట్‌కాయిన్లు పోగొట్టుకుని మూతపడింది. దొంగ చేసింది తాళం పగలగొట్టడం కాదు. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు బదిలీ చేయమని ఒకేసారి వేల కోరికలు పంపాడు. నిల్వ తగ్గేలోపే అవన్నీ పాత నిల్వను చూసి సరేనన్నాయి. 2017లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన టాడ్ వార్సావ్‌స్కీ, పీటర్ బెయిలిస్ ఆన్‌లైన్ దుకాణాలకు వాడే 12 సాఫ్ట్‌వేర్‌లను పరీక్షించి, ఇలాంటి తీవ్రమైన దాడులకు 22 సందులు ఉన్నాయని చూపారు. ఒకే గిఫ్ట్ కార్డును పదే పదే ఖర్చు చేయడం అందులో ఒకటి.

విరుగుళ్లు పెద్ద విద్యలేమీ కావు. నిల్వ చదివి, లెక్క వేసి, తిరిగి రాయడానికి బదులు, నిల్వలోంచి 4,000 తగ్గించమని ఒకే ఆజ్ఞ ఇవ్వడం మొదటిది. చదివేటప్పుడే 'ఇది రాయడానికి చదువుతున్నాను' అని వరుసకు తాళం వేయించడం రెండోది. ఒక హాలుకు ఒక తేదీ ఒక్కసారే రావాలన్న నియమాన్ని ప్రోగ్రామ్‌లో కాకుండా పట్టికలోనే పెట్టడం మూడోది. డబ్బు, సీట్లు, సరుకు నిల్వల దగ్గర సీరియలైజబుల్ మెట్టు ఎక్కి, డేటాబేస్ వెనక్కి పంపినప్పుడు మళ్లీ ప్రయత్నించే ఏర్పాటు చేసుకోవడం నాలుగోది. ఈ చివరి భాగాన్ని మరిచిపోయేవారే ఎక్కువ.

ఇదంతా ఒకే డేటాబేస్ గోడల లోపలి సంగతి. యూపీఐలో పంపేవారి బ్యాంకు ఒకటి, అందుకునేవారి బ్యాంకు ఇంకొకటి. రెండు డేటాబేస్‌లను ఒకే ట్రాన్సాక్షన్‌లో కట్టడానికి టూ ఫేజ్ కమిట్ అనే పద్ధతి ఉంది: మధ్యవర్తి ముందు అందరినీ సిద్ధమేనా అని అడిగి, అందరూ ఊ అన్నాకే కానివ్వమంటాడు. కానీ మధ్యవర్తి మధ్యలో పడిపోతే అందరూ తాళాలు పట్టుకుని కూర్చోవాలి. అందుకే యూపీఐలో ఒక బ్యాంకులో తగ్గించడం ఒక ట్రాన్సాక్షన్, ఇంకో బ్యాంకులో వేయడం వేరే ట్రాన్సాక్షన్. రెండోది కుదరకపోతే మొదటిదాన్ని తిరగరాస్తారు. ఆ మధ్య కాలంలో డబ్బు ఎక్కడా లేనట్టు ఖాతాదారు కంటికే కనిపిస్తుంది. ఆ సందును పూడ్చింది సాఫ్ట్‌వేర్ కాదు, నిబంధన. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు ఉత్తర్వు ప్రకారం యూపీఐలో పంపిన డబ్బు ఖాతాలో తగ్గి అవతలివారికి చేరకపోతే మర్నాటికల్లా, దుకాణదారుకు చెల్లింపు ఖాయం కాకపోతే ఐదు రోజుల్లోగా వెనక్కి వేయాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున, ఖాతాదారు అడగకపోయినా, చెల్లించాలి.