ఇస్నోఫీలియా అంటే ఉబ్బసమేనా?

పిల్లాడికి రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు మొదలై రక్తపరీక్ష చేయిస్తే, మన గోదావరి జిల్లాల్లో "ఇస్నోఫీలియా ఉందిట" అనేస్తాం. నిజానికి అది జబ్బు కాదు, ఒక గుర్తు మాత్రమే. ఇయోసినోఫిల్స్ అనేవి ఒక రకం తెల్లకణాలు. మామూలుగా నూటికి 1 నుంచి 6 దాకా ఉంటాయి. ఊపిరిగొట్టాలు వాచే ఉబ్బసంలో ఇవి పెరగవచ్చు. కడుపులో ఏలికపాములున్నా, బోదకాలు క్రిములు ఒంట్లో చేరినా పెరుగుతాయి. దోమలూ, బోదకాలూ మన డెల్టాకి కొత్తవా? అందుకే ఆ ఒక్క అంకె చూసి ఉబ్బసమని తేల్చెయ్యకూడదు. బోదకాలు క్రిముల వల్ల వచ్చే దగ్గుకి మందే వేరు.

మరి వంశం మాటేమిటి? 2007లో బ్రిటన్, జర్మనీ పిల్లల్ని పరిశీలిస్తే 17వ క్రోమోజోము మీద ఉబ్బసంతో ముడిపడ్డ తేడాలు కనిపించాయి. 2011లో ఆఫ్రికా సంతతివారిలోనే కనిపించే మరో తేడా తెలిసింది. అంటే అన్ని జాతులకూ ఒకే లెక్క సరిపోదన్నమాట. పైగా ఏ ఒక్క జన్యువూ ఉబ్బసాన్ని నుదుట రాసిపెట్టదు. దుమ్మూ, పొగా, జలుబూ తోడవుతాయి. "మీ పుట్టింటి రోగమే" అని కోడల్ని ఆడిపోసుకోవడం న్యాయం కాదు.

ఊదగల వయసు పిల్లలకి ఊపిరి పరీక్ష చేయించండి. ఉబ్బసమని తేలితే, డాక్టరు చెప్పినన్నాళ్లూ పీల్చేమందు మానకండి. పిల్లికూతలు ఆగినా లోపలి వాపు మిగిలే ఉండవచ్చునమ్మా!