కొడిశ పట్టలో అంకుడు కలిస్తే

కందుల బేరంలో గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుంటే సరకు సంగతి సగం తేలిపోతుంది. మూలికల సరకులో ఆ వీలు లేదు. వికారాబాద్ పక్కనున్న అనంతగిరి వంటి ఆకురాల్చే అడవుల్లో పెరిగే కొడిశపాల ఇందుకు మంచి ఉదాహరణ. జిగట విరేచనాల మందులకు దీని పట్ట వాడతారు. కొన్నవారు అసలు డబ్బిచ్చేది పట్టలోని కోనెసీన్ అనే ఆల్కలాయిడ్‌కు. పట్టకు అంటుకొచ్చిన కొయ్య తూకం పెంచుతుందే గాని మందుకు అక్కరకు రాదు.

అంతకన్నా పెద్ద బెడద అంకుడు. ఏటికొప్పాక బొమ్మలు చేసే కొయ్య దీనిదే. రెండు చెట్లకూ పాలుంటాయి, తెల్లని పూలుంటాయి, కాయలు జంటలుగా కాస్తాయి. ఎండి ముక్కలైన పట్టలో తేడా కనిపెట్టడం అనుభవజ్ఞులకూ కష్టమే. చెట్టు మీద మాత్రం సులువు: అంకుడు జంటకాయల కొసలు కలిసి ఉంటాయి, కొడిశవి విడివిడిగా వేలాడతాయి. గింజల్లో ఈ తేడాను బజారు ఏనాడో గుర్తించింది. చేదుగా ఉండే కొడిశ గింజ కడువా ఇంద్రజౌ, చేదు లేని అంకుడు గింజ మీఠా ఇంద్రజౌ. పట్టకు అలా రెండు పేర్లు స్థిరపడకపోవడమే చిక్కు.

పురుగుల నుంచి, పశువుల నుంచి కాపాడుకోవడానికే మొక్క ఆల్కలాయిడ్లు తయారు చేసుకుంటుందని శాస్త్రజ్ఞుల మాట. తయారయ్యే చోటు, నిలవ ఉండే చోటు ఒకటే కానక్కరలేదు. పొగాకులో నికోటిన్ వేళ్లలో పుట్టి ఆకుకు ఎక్కుతుంది. తల తుంచితే ఆకు ఘాటెక్కడం మన రైతులకు తెలిసిందే. బిళ్ళగన్నేరులో క్యాన్సర్ మందుల సరకు ఆకుదైతే, రక్తప్రసరణ మందులకు వాడే అజ్మలిసీన్ వేరుది. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు దాదాపు 500 కిలోల ఎండుటాకు కావాలి. 2022లో శాస్త్రజ్ఞులు దీని ముడి పదార్థాలను ఈస్టులో తయారు చేయించారు. ఆకు వర్తకులు ఓ కన్నేసి ఉంచవలసిన విషయమిది.

సర్పగంధి లెక్క మరీ స్పష్టం. వేరు బరువులో బెరడు 40 నుంచి 60 శాతమే, కాని ఆల్కలాయిడ్లలో 90 శాతం అందులోనే. 1990 నుంచి ఈ మొక్క అంతర్జాతీయ వర్తకం నియంత్రణలో ఉంది గనుక కాగితాలు లేని సరకు జోలికి పోరాదు. కాగితాలున్న సరకైనా వేరును గట్టిగా రుద్ది కడిగితే, బస్తాలు ఎత్తి విసిరితే బెరడు రాలిపోతుంది. గోదాములో చెత్తని ఊడ్చి పారేసే ఆ పొట్టే సరకులో ఖరీదైన భాగం.