టార్ కట్టేస్తే బ్యాకప్ అయిపోయినట్టేనా?

అపోహ: టార్-జీజిప్ చేసేశాం, ఇక అసలు ఫోల్డర్ డిలీట్ చేసేయొచ్చు.

సర్వర్‌లో డిస్క్ నిండిన ప్రతిసారీ ఈ సలహా ఎవరో ఒకరు ఇస్తారు. విన్నవాళ్లు డేటాబేస్ డంపులు, ఏళ్ల నాటి ప్రాజెక్టులు పోగొట్టుకుంటున్నారు. ఇది ఇకనైనా ఆగాలి.

వాస్తవం: ఆర్కైవ్ వేరు, బ్యాకప్ వేరు. అదే డిస్క్‌లో ఉన్న ఆర్కైవ్ ఆ డిస్క్‌తోపాటే పోతుంది. అంతకన్నా ప్రమాదకరమైన అలవాటు ఇంకొకటుంది: ఒకే లైన్‌లో టార్ కమాండ్, సెమీకోలన్, వెంటనే ఆర్‌ఎమ్. ముందు కమాండ్ ఫెయిలైనా సెమీకోలన్ పట్టించుకోదు. జాగా చాలక టార్ సగంలో ఆగినా ఆర్‌ఎమ్ మాత్రం ఫోల్డర్‌ను పూర్తిగా తుడిచేస్తుంది. సెమీకోలన్ బదులు && పెడితే, టార్ ఏ తప్పూ లేకుండా ముగిస్తేనే ఆర్‌ఎమ్ నడుస్తుంది. అయితే టార్‌ను పైప్ ద్వారా జీజిప్‌కు పంపితే, బాష్‌లో పైప్‌ఫెయిల్ ఆన్ చేయనంతవరకూ, && చూసేది చివరనున్న జీజిప్ ఫలితాన్నే.

ఆర్కైవ్ పూర్తిగా తయారైనా పూచీ లేదు. వెనకటి 32 కేబీలో వచ్చిన డేటాను ఆధారం చేసుకుంటూ జీజిప్ కుదిస్తుంది. అందుకే మధ్యలో ఒక్క బైట్ చెడినా తర్వాతి ఫైళ్లన్నీ చేజారవచ్చు. చివర ఉండే సీఆర్‌సీ-32 చెడిన సంగతి చెబుతుంది, బాగుచేయలేదు.

మిగతా అపోహలు:

టార్ సైజు తగ్గిస్తుంది: తగ్గించదు. ఫైళ్లను ఒకటిగా చేర్చడమే దాని పని.

ఫొటోలు, వీడియోలు జిప్ చేస్తే జాగా మిగులుతుంది: జేపెగ్, ఎంపీ4 ముందే కుదించినవి. మిగిలేది నామమాత్రం.

రెండుసార్లు కుదిస్తే ఇంకా తగ్గుతుంది: పెరిగినా పెరగొచ్చు.

జీజిప్ అసలు ఫైల్‌ను మాయం చేస్తుంది: ఇది మాత్రం ఒప్పుకోక తప్పదు. పని ముగియగానే అసలు ఫైల్‌ను తీసేయడం దాని డిఫాల్ట్. అది ఉండాలంటే కీప్ ఆప్షన్ ఇవ్వాలి.

కాబట్టి డిలీట్ చేసేముందు జీజిప్ టెస్ట్ ఆప్షన్‌తో ఫైల్ చెక్కుచెదరలేదని చూడండి. కావలసినవన్నీ లోపల ఉన్నాయో లేదో ఆ టెస్ట్ చెప్పదు. అందుకు టార్ కంపేర్ ఆప్షన్‌తో ఆర్కైవ్‌ను అసలు ఫోల్డర్‌తో పోల్చండి. ఇంకో డిస్క్‌కు కాపీ చేసి, రెండుచోట్లా షా-256 సరిపోయిందో చూడండి. ఆ కాపీ నుంచి కొన్ని ఫైళ్లు వేరే ఫోల్డర్‌లోకి తీసి, తెరిచి చూడండి. ఇవన్నీ అయ్యాకే ఆర్‌ఎమ్ జోలికి వెళ్లండి.