మాంట్‌గోమరీ వంటింట్లోంచి సుప్రీంకోర్టు దాకా...

రాజ్యాంగం అనగానే మీకేం గుర్తొస్తుంది చెప్పండి? లావుపాటి పుస్తకాలు, నల్లకోటు లాయర్లు, టీవీలో అరుచుకునే నాయకులు... అంతే కదూ! ‘మనకెందుకొచ్చిన గొడవ, అవతల పప్పు మాడిపోతోంది’ అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాం. నేనూ నిన్నమొన్నటి దాకా అలా అనుకున్నదాన్నే. కానీ అమెరికాలో ఒక వంటావిడ, వేయించిన కోడిమాంసం, తియ్యని పిండివంటలు అమ్మి ఆ డబ్బుతో రాజ్యాంగాన్ని నిలబెట్టిందని తెలిశాక నా అభిప్రాయం మార్చుకున్నాను. ఆవిడ పేరు జార్జియా గిల్మోర్. ఆరుగురు పిల్లల తల్లి. కాఫీ కప్పు పక్కన పెట్టుకుని చదవండి, ఆవిడ కథ చెబుతాను.

కాగితం మీద సమానత్వం

ముందు కాస్త పాత సంగతులు. అమెరికా రాజ్యాంగాన్ని 1787లో ఫిలడెల్ఫియా నగరంలో రాశారు. చిన్న పుస్తకమే. మొత్తం ఏడు అధికరణాలు. దేశాన్ని ఎలా నడపాలి, అధ్యక్షుడి పనేమిటి, కోర్టుల పనేమిటి అన్నీ అందులో ఉన్నాయి. ‘ప్రజలమైన మేము’ అని గొప్పగా మొదలుపెట్టారు. ఆ ‘మేము’లో ఎవరున్నారని చూస్తే మాత్రం గుండె చివుక్కుమంటుంది. బానిసలకు అందులో చోటు లేదు. సీట్ల లెక్క దగ్గర మాత్రం ఒక్కో బానిసను మనిషిలో అయిదింట మూడు వంతులుగా కట్టారు! ఆడవాళ్ళ ఓటు మాట రాజ్యాంగంలో రావడానికి 1920 దాకా ఆగాల్సి వచ్చింది.

తప్పుల్ని దిద్దుకోవడానికి సవరణలనే మార్గం పెట్టుకున్నారు, అదొక మంచిపని. ఇప్పటికి 27 సవరణలు జరిగాయి. దక్షిణ, ఉత్తర రాష్ట్రాల మధ్య పెద్ద యుద్ధం అయ్యాక 1865లో పదమూడో సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1868లో పధ్నాలుగో సవరణ వచ్చింది. మన కథకు ప్రాణం ఇదే. అమెరికాలో పుట్టినవాళ్ళు అమెరికా పౌరులేననీ, ఏ రాష్ట్రమూ ఎవరికీ చట్టాల సమాన రక్షణ లేకుండా చేయరాదనీ దాని సారాంశం.

అంతా బాగానే ఉంది కదా! కానీ 1896లో సుప్రీంకోర్టు ఒక చిత్రమైన తీర్పు చెప్పింది. రైలులో తెల్లవాళ్ళకో పెట్టె, నల్లజాతివాళ్ళకో పెట్టె పెడితే తప్పు లేదట. విడివిడిగా ఉన్నా వసతులు సమానంగా ఉంటే చాలునట. ప్లెస్సీ కేసంటారు దీన్ని. జడ్జీల్లో హార్లన్ అనే ఆయన ఒక్కడే ఒప్పుకోలేదు. ఆ తీర్పును అడ్డం పెట్టుకుని దక్షిణాది రాష్ట్రాలు బడులు, బస్సులు, పార్కులు, చివరికి మంచినీళ్ళ కుళాయిలు కూడా విడగొట్టేశాయి. విడగొట్టడమైతే జరిగింది గానీ, సమానం అన్న మాట ఎక్కడా కనబడలేదు.

ముందు తలుపు, వెనక తలుపు

అలబామా రాష్ట్రంలో మాంట్‌గోమరీ అనే ఊరు. అక్కడి సిటీబస్సులో ముందు పది సీట్లు తెల్లవాళ్ళవి. ఖాళీగా పడి ఉన్నా నల్లజాతివాళ్ళు కూర్చోకూడదు. మధ్య వరసల్లో కూర్చోవచ్చు గానీ, తెల్లవాళ్ళు ఎక్కితే లేవాలి. ఒక్క తెల్లాయన కోసం వరసంతా ఖాళీ చేయాల్సిందే! ఇంకో అవమానం వినండి. ముందు తలుపు దగ్గర ఎక్కి, పది సెంట్లు డబ్బాలో వేసి, మళ్ళీ కిందికి దిగి, వెనక తలుపు దాకా నడిచి ఎక్కాలి. కొందరు డ్రైవర్లు ఆ లోపలే బస్సు లాగించేసేవాళ్ళు. డబ్బూ పోయె, బస్సూ పోయె. జార్జియా గిల్మోర్‌కి సరిగ్గా ఇలాగే జరిగింది. 1955 అక్టోబరులో ఆ అవమానం అయ్యాక, ఇక ఈ బస్సులెక్కనని ఆవిడ తనకు తానే ఒట్టు పెట్టుకుంది.

ఆ బస్సులెక్కేవాళ్ళలో ముప్పాతిక వంతు నల్లజాతివాళ్ళే. అందులోనూ చాలామంది తెల్లవాళ్ళ ఇళ్ళల్లో వంటా, అంట్లూ, పిల్లల పనీ చేసే ఆడవాళ్ళు. అంటే బస్సు కంపెనీ బతుకుతున్నది వీళ్ళ చిల్లర మీదే!

1955 మార్చి 2న క్లాడెట్ కోల్విన్ అనే పదిహేనేళ్ళ బడిపిల్ల సీటు ఇవ్వనంది. పోలీసులు లాక్కెళ్ళారు. ఆ ఏడాదే డిసెంబరు 1న రోసా పార్క్స్ అనే 42 ఏళ్ళ ఆవిడ కూడా లేవనంది. ఆవిడ ఒక పెద్ద దుకాణంలో బట్టలు కుట్టేది. పొద్దుటినుంచీ పనిచేసి కాళ్ళు నొప్పులెట్టి లేవలేదని చాలాచోట్ల రాస్తుంటారు. అది నిజం కాదు. లొంగిలొంగి విసిగిపోయానే తప్ప ఒంటి అలసట కాదని ఆవిడే తర్వాత చెప్పుకుంది. పైగా అప్పటికి ఎన్నో ఏళ్ళుగా హక్కుల సంఘంలో పనిచేస్తున్న మనిషి.

ఒక్క రాత్రిలో కరపత్రాలు

రోసాని అరెస్టు చేసిన రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ టీచరు రంగంలోకి దిగింది. 1949లో ఆవిడకీ బస్సులో పరాభవం జరిగింది. అప్పట్నుంచీ మహిళా రాజకీయ మండలిలో ఈ సంగతే పట్టుకుని ఉంది. ఇద్దరు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని రాత్రంతా కాలేజీ సైక్లోస్టైల్ మిషను మీద వేలకొద్దీ కరపత్రాలు తీసింది. ‘సోమవారం ఎవరూ బస్సెక్కకండి’ అన్నదే వాటి సారాంశం. తెల్లారేసరికి ఊరంతా పంచేశారు.

డిసెంబరు 5, సోమవారం. బస్సులన్నీ ఖాళీ! ఆ సాయంత్రం చర్చిలో వేలమంది పోగయ్యారు. ఆ ఉద్యమానికి నాయకుడిగా ఎన్నుకున్న యువ పాస్టరే మార్టిన్ లూథర్ కింగ్. అప్పటికి ఆయనకి 26 ఏళ్ళు. ఒక్కరోజు అనుకున్న సమ్మె 381 రోజులు సాగింది.

‘ఎక్కడిదీ కాని’ క్లబ్బు

ఏడాది పైగా బస్సెక్కకుండా ఉండడం అంటే మాటలా! తెల్లవారుజామునే లేచి మైళ్ళకి మైళ్ళు నడిచారు. చర్చీల తరఫున సుమారు మూడొందల కార్లు తిప్పారు. ఎవరెక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో పక్కాగా ఏర్పాటు చేశారు. తమాషా ఏమిటంటే, కొందరు తెల్ల ఇల్లాళ్ళు కూడా తమ పనివాళ్ళని తామే కారులో తెచ్చుకున్నారు. ‘అలా చేయకండి’ అని మేయరు వేడుకున్నా వినలేదు. మరి అంట్లు ఎవరు తోముతారు!

కార్లకి పెట్రోలు కావాలి, టైర్లు కావాలి. డబ్బెక్కడిది? ఇక్కడే మన జార్జియా గిల్మోర్ వచ్చింది. తోటి ఆడవాళ్ళని కూడగట్టింది. కోడిమాంసం వేయించి బ్రెడ్డు మధ్యలో పెట్టి సభల దగ్గర అమ్మారు. కేకులు కాల్చారు. చిలగడదుంప ఉడికించి మెత్తగా మెదిపి, పంచదార, వెన్న, పాలు, గుడ్లు కలిపి, పిండి అప్పచ్చిలో పోసి కాల్చే ‘పై’ అనే తీపివంట చేశారు. ఇంటింటికీ, మంగలి షాపులకీ, బ్యూటీ పార్లర్లకీ తిరిగి అమ్మారు. కొన్నవాళ్ళలో తెల్లవాళ్ళూ ఉన్నారు.

ఈ గుంపుకి ఆవిడ పెట్టిన పేరు ‘ఎక్కడిదీ కాని క్లబ్బు’. ఎందుకో తెలుసా? ఈ డబ్బెక్కడిదని ఎవరైనా నిలదీస్తే ‘ఎక్కడిదీ కాదు’ అని నిజమే చెప్పొచ్చు. సభ్యుల పేర్లు బయటపడితే తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనులు పోతాయి. అందుకని ఎవరు వండారో ఎవరు ఇచ్చారో జార్జియాకి మాత్రమే తెలుసు. సోమ, గురువారాల్లో సభ జరిగితే ఆవిడ చర్చి మధ్యలోంచి నడిచి వెళ్ళి వారం వసూళ్ళు పళ్ళెంలో వేసి మొత్తం ప్రకటించేది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఊరి అవతలి వైపు ఆడవాళ్ళు పోటీగా ఇంకో క్లబ్బు పెట్టుకున్నారు. ఈ వారం మాదెక్కువా, మీదెక్కువా అని! మన ఆడవాళ్ళ పట్టుదల ఎక్కడైనా ఒకటే మరి.

దీనికి ఖరీదు కట్టాల్సి వచ్చింది. 1956 జనవరిలో కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. భార్య కొరెట్టా, చంటిపాప ఇంట్లోనే ఉన్నారు. అదృష్టవశాత్తూ దెబ్బలు తగల్లేదు. మార్చిలో కింగ్ మీద కోర్టులో విచారణ జరిగితే, జార్జియా వెళ్ళి తనకు బస్సులో జరిగిందంతా నిర్భయంగా సాక్ష్యం చెప్పింది. దాంతో హోటల్లో వంటపని పోయింది. ‘నీ ఇంట్లోనే వండి అమ్ముకోరాదా’ అని కింగ్ ప్రోత్సహించి డబ్బుసాయం కూడా చేశాడు. తెల్లవారుజామునే లేచి పొయ్యి వెలిగించేది. ఆ ఇంటి భోజనాల గదే ఉద్యమానికి రహస్య సమావేశాల గది అయింది. నల్లా తెల్లా తేడా లేకుండా అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని తిన్నారు. అప్పటి మాంట్‌గోమరీలో అదెంత సాహసమో ఆలోచించండి.

కోర్టుకెళ్ళిన నలుగురు

నడిచినంత మాత్రాన చట్టం మారదు కదా! అందుకని 1956 ఫిబ్రవరి 1న ఫ్రెడ్ గ్రే అనే పాతికేళ్ళ లాయరు ఫెడరల్ కోర్టులో కేసు వేశాడు. కేసు వేసింది నలుగురు ఆడవాళ్ళ పేరుతో. ఆరేలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయీ స్మిత్, మనం ముందు చెప్పుకున్న క్లాడెట్. అయిదో ఆవిడ కూడా ఉంది గానీ బెదిరింపులకి భయపడి తప్పుకుంది. ఆవిడ్ని తప్పుపట్టగలమా? పిల్లల తల్లి ఎవరైనా భయపడతారు.

మరి రోసా పార్క్స్ పేరెందుకు లేదంటారా? ఆవిడ కేసు రాష్ట్ర కోర్టులో నేరం కేసు. అక్కడే ఏళ్ళ తరబడి నలిగిపోతుందని లాయరు భయం. ఫెడరల్ కోర్టులో అయితే ‘ఈ బస్సు చట్టమే పధ్నాలుగో సవరణకు విరుద్ధం’ అని నేరుగా అడగొచ్చు. అమెరికాలో రాష్ట్రం చేసిన చట్టమైనా, ఊరు పెట్టిన నిబంధనైనా రాజ్యాంగానికి లోబడాల్సిందే. 1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిదిమందీ ఒక్కమాటగా బడుల్లో పిల్లల్ని విడదీయడం చెల్లదన్నారు. బడికి చెల్లనిది బస్సుకెలా చెల్లుతుందన్నదే వీళ్ళ వాదన.

జూన్ 5న ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఆడవాళ్ళ పక్షాన తీర్పు చెప్పారు. ఊరివాళ్ళు అప్పీలుకెళ్ళారు. నవంబరు 13న సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. విచిత్రం చూడండి, అదే రోజు కార్ల ఏర్పాటుని ఆపించాలని ఊరివాళ్ళు వేసిన కేసులో కింగ్ అక్కడి కోర్టులో కూర్చుని ఉన్నాడు. ఇక నడకే గతి అనుకుంటుండగా ఈ కబురొచ్చింది. డిసెంబరు 21 నుంచి ఎవరికి ఖాళీ ఉన్న సీట్లో వాళ్ళు కూర్చున్నారు. సవరణ వచ్చిన 88 ఏళ్ళకి!

జార్జియా అంతటితో ఊరుకోలేదు. ఊరి పార్కులోంచి అడ్డంగా నడిచి వెళ్ళాడని ఆవిడ కొడుకుని పోలీసులు కొట్టారు. ఆవిడ మళ్ళీ కోర్టుకెక్కింది. 1959లో కోర్టు పార్కులు అందరివీ అంది. నల్లజాతి పిల్లల్ని రానివ్వడం ఇష్టంలేక ఊరివాళ్ళు పార్కులే మూసేసుకున్నారు! తిరిగి 1965లో గానీ తెరవలేదు. అదే కేసు తర్వాత ఇంకో మలుపు తిరిగి 1974లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఈనాటికీ లా పుస్తకాల్లో ‘గిల్మోర్ వర్సెస్ మాంట్‌గోమరీ’ అని ఒక వంటావిడ పేరు నిలిచి ఉంది. సెల్మా నుంచి మాంట్‌గోమరీకి జరిగిన చారిత్రక పాదయాత్రకి 1990 మార్చిలో పాతికేళ్ళు నిండాయి. ఆ వేడుకకి వచ్చేవాళ్ళ కోసం వంట చేస్తుండగానే ఆవిడ జబ్బుపడి కన్నుమూసింది. ఆవిడ వండిన వంటనే వచ్చినవాళ్ళందరికీ వడ్డించారు.

మనకేం సంబంధం?

చాలా ఉంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో ఎంతో గొప్ప మందుల పరిశోధన చేశారు. కానీ 1923లో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులకి పౌరసత్వం కుదరదని తీర్పిచ్చింది. ‘తెల్లవాళ్ళు’ కారు కాబట్టి! 1946లో చట్టం మారినా ఏడాదికి కేవలం వందమంది భారతీయుల్నే రానిచ్చేవాళ్ళు. పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం వచ్చాయి. అదే 1965లో పుట్టిన దేశాన్ని బట్టి మనుషుల్ని తూచే వలస పద్ధతిని కూడా తీసేశారు. ఈనాడు మన వీధిలో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారంటే, దాని వెనక ఈ నడిచిన ఆడవాళ్ళ అరికాళ్ళ బొబ్బలున్నాయి. అమెరికాలో ఉన్న మీ పిల్లలతో ఈసారి ఫోన్లో మాట్లాడినప్పుడు ఈ సంగతి చెప్పండి.

ఇంకో ముక్క. మన రాజ్యాంగం పధ్నాలుగో అధికరణంలో ఉన్న ‘చట్టాల సమాన రక్షణ’ అన్న మాట వాళ్ళ పధ్నాలుగో సవరణ నుంచి వచ్చినదే. పదిహేడో అధికరణం అంటరానితనాన్ని నిషేధించింది. 1950 నుంచీ ఉంది. మరి మన ఇళ్ళల్లో?

దాచుకోవడం దేనికి, నా సంగతే చెబుతాను. మా ఇంట్లో పనిచేసే ఆమెకి కాఫీ ఇచ్చే గ్లాసు వేరే ఉండేది. దొడ్డి గుమ్మం పక్కన కిటికీలో బోర్లించి పెట్టేదాన్ని. మా అత్తగారు అలాగే పెట్టేవారు, నేనూ పెట్టాను. అందులో తప్పుందని ఎన్నడూ తోచలేదు. మాంట్‌గోమరీ బస్సు వెనక తలుపు గురించి చదివిన రాత్రి ఆ కిటికీ గుర్తొచ్చి నిద్రపట్టలేదు. మర్నాడు ఆ గ్లాసు తెచ్చి మిగతా గ్లాసులతో కలిపి పెట్టేశాను. ఆమె ఏమీ అనలేదు. కిటికీ వైపు ఒకసారి చూసి, బల్ల మీది గ్లాసు తీసుకుంది. మా అత్తగారు మాత్రం ఇంకా ముఖం ముడుచుకునే ఉన్నారు. ఉండనివ్వండి, మెల్లగా ఆవిడే సర్దుకుంటారు.

పుస్తకంలో రాసినంత మాత్రాన చట్టం మన గడపలోకి రాదు. ఎవరో ఒకరు కష్టపడి దాన్ని మోసుకు రావాలి. ఆ ఎవరో మనమే ఎందుకు కాకూడదు? ఈ పత్రిక మూశాక మీ వంటింటి కిటికీ వైపు కూడా ఒకసారి చూడండి.